కీమో నడుస్తుండగా పీరియడ్స్: ఏం రాసుకోవాలి, ఏం అడగాలి, ఎప్పుడు ఫోన్ చేయాలి

రొమ్ము క్యాన్సర్‌కి కీమో మొదలయ్యే ముందు మనవాళ్ళు వాంతుల గురించి అడుగుతారు, జుట్టు గురించి అడుగుతారు, ఏం తినాలో అడుగుతారు. పీరియడ్స్ మాట మాత్రం ఓపీ గదిలో ఎత్తరు. పక్కన భర్తో తమ్ముడో నిలబడి ఉంటాడు, తలుపు బయట జనం వరసలో ఉంటారు. ఆ మాట చివరికి సెలైన్ ఎక్కించే వార్డులో, పక్క కుర్చీలో ఉన్నావిడ దగ్గర బయటికొస్తుంది. "అక్కా, నీకు ఆగిపోయాయా? నాకు ఈ నెల రాలేదు. ఏమన్నా అవుతుందంటావా?" నన్ను ఇలా అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మాది గూడూరు. పెళ్ళయినప్పటి నుంచి చెన్నైలోనే, పెరంబూరులో ఉంటున్నాం. ఇక్కడి ప్యారిస్ కార్నర్ బజారు దగ్గర ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తాను. 37 ఏళ్ళప్పుడు రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి, ఇప్పుడు మాత్రల మీద ఉన్నాను. నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, శ్రీకాళహస్తి వైపు నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు రైలెక్కి సెంట్రల్‌లో దిగి అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కీ, ఇక్కడి మిగతా ఆసుపత్రులకీ వస్తారు. తమిళం రాదు, డాక్టరుతో మాట్లాడటానికి దొరికేది కొద్ది నిమిషాలు. నేను ముఖ్యంగా వాళ్ళని తలుచుకుని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక్క మాట చెప్పాలి. కీమోలో పీరియడ్స్ రావడాన్ని బట్టిగానీ, రాకపోవడాన్ని బట్టిగానీ మీ అంతట మీరు ఏ నిర్ణయానికీ రాకండి. ఆగిపోతే మెనోపాజ్ వచ్చేసినట్టు కాదు, గర్భం రాదని కూడా కాదు. వస్తూనే ఉంటే మందు పనిచేయడం లేదని కాదు. వచ్చింది, రానిది రాసుకోవాలి, డాక్టరుకి చెప్పాలి, మిగతాది పరీక్షల్లో తేలుతుంది.

అసలు ఎందుకు మారతాయి

కీమో మందులు వేగంగా పెరిగే కణాల్ని దెబ్బతీస్తాయి. అండాశయాల్లో ఆ నెల కోసం ఎదుగుతున్న అండాలు కూడా అలాంటివే. అవి దెబ్బతింటే హార్మోన్లు తగ్గిపోతాయి, హార్మోన్లు తగ్గితే గర్భాశయంలో పొర పెరగదు. పొర పెరగకపోతే ఊడిపడటానికి ఏమీ ఉండదు కాబట్టి పీరియడ్ రాదు. రొమ్ము క్యాన్సర్‌లో తరచుగా వాడే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇంకో అడుగు ముందుకెళ్ళి, ముందుముందు వాడుకోవడానికి నిలవ ఉన్న అండాల్ని కూడా తగ్గిస్తుంది. ఎంతగా తగ్గుతాయన్నది, మందు ఎంత మోతాదు పడింది, అప్పటికి మీ వయసెంత, ఈ రెండింటి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. 35 లోపు వాళ్ళకి చాలావరకు మళ్ళీ వస్తాయి. 40 దాటినవాళ్ళకి శాశ్వతంగా ఆగిపోయే అవకాశం పెరుగుతుంది. మన దేశంలో మామూలుగానే మెనోపాజ్ సగటున 46 ఏళ్ళ ప్రాంతంలో వస్తుంది కాబట్టి, 43, 44లో కీమో తీసుకున్నావిడకి అవి తిరిగి రాకపోతే అందులో వింతేమీ లేదు.

ఎలా మారతాయన్నది మనిషి మనిషికీ వేరు. నాకు మొదటి కీమో తర్వాత అనుకున్నదానికన్నా ముందే, మామూలుకన్నా ఎక్కువగా అయింది. తర్వాతి నెల రెండు రోజులు మరకలా కనిపించి పోయింది. ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయింది. నాతోపాటే మొదలుపెట్టిన నాయుడుపేట అమ్మాయికి చివరి కీమో దాకా తేదీ తప్పలేదు. ఇద్దరికీ ఇచ్చింది ఒకే మందులు.

మొదటి కీమోకి ముందే అడగాల్సినవి

ఇది వాయిదా వేస్తే దాటిపోయే విషయం. ముందుముందు బిడ్డ కావాలన్న ఆలోచన మీకు ఏ మూలనో ఉన్నా, మొదటి సెలైన్ ఎక్కకముందే డాక్టరుతో అనండి: "నాకు పిల్లలు కావాలి, దానికి ఇప్పుడే ఏం చేయొచ్చు?" పెళ్ళికాని అమ్మాయి అయితే తల్లిదండ్రులు ఈ మాట మింగేస్తారు. ముందు ప్రాణం దక్కనీ అంటారు. ప్రాణం కోసమే వైద్యం, అందులో అనుమానం లేదు. అయితే అండాలు తీసి ఫ్రీజ్ చేయడానికి సాధారణంగా రెండు వారాల చిల్లర పడుతుంది, పీరియడ్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాల్సిన పని లేదు, నెలలో ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. ఆ రెండు వారాలు ఆగొచ్చో లేదో చెప్పాల్సింది క్యాన్సర్ డాక్టరు. అడిగితేనే చెప్తారు. పెళ్ళయినవాళ్ళకి పిండాలుగా కూడా దాచుకునే వీలుంది. చెన్నైలో ఇలాంటి కేంద్రాలకి కొదవ లేదు. ఖర్చు మాత్రం ముందే కనుక్కోండి, అది చిన్నది కాదు.

రెండోది గోసెరిలిన్ ఇంజెక్షన్. బియ్యపు గింజంత మందుని పొట్ట చర్మం కింద పెడతారు, 28 రోజులకోసారి. అది అండాశయాల్ని కొంతకాలం నిద్రపుచ్చుతుంది. కీమోకి కనీసం వారం ముందు మొదలుపెట్టి, కీమో అయ్యేదాకా ఇస్తారు. 2015లో వచ్చిన పోయమ్స్ అనే పెద్ద పరిశోధనలో, హార్మోన్ నెగటివ్ (అంటే ఆడ హార్మోన్ల మీద ఆధారపడి పెరగని) రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ళలో రెండేళ్ళ తర్వాత చూస్తే అండాశయాలు పనిచేయడం మానేసినవాళ్ళు కీమో ఒక్కటే తీసుకున్న గుంపులో 22 శాతం, ఇంజెక్షన్ కూడా తీసుకున్న గుంపులో 8 శాతం. అండాలు దాచుకోవడానికి ఇది బదులు కాదు, దానికి తోడు. ఈ ఇంజెక్షన్ మీద ఉన్నంతకాలం పీరియడ్స్ రావు. అది మందు చేసే పనే, కంగారు పడక్కర్లేదు.

లెక్క ఎలా రాసుకోవాలి

రోజూ లెక్కలు రాసే మనిషిని కాబట్టి ఈ భాగం మీద నాకు పట్టుదల ఎక్కువ. గోడకున్న తెలుగు క్యాలెండరు చాలు, ఫోన్‌లో యాప్ అక్కర్లేదు. కీమో పడిన రోజు గడిలో "కీ" అని రాసి చుట్టూ గీత గీయండి. బ్లీడింగ్ ఉన్న రోజు గడి కింద మూలలో ఎన్ని ప్యాడ్లు మార్చారో అంకె వేయండి. మరక మాత్రమే ఐతే చుక్క పెట్టండి. రక్తపు గడ్డలు పడితే "గ". వేడి ఆవిర్లు వస్తే "వే". జ్వరం చూసుకున్నప్పుడు ఎంత వచ్చిందో పై మూలలో. అంతకన్నా ఎక్కువ రాయాలనుకుంటే నాలుగు రోజుల్లో మానేస్తాం.

నా క్యాలెండరులో ఒక జూన్ నెల పేజీ ఇలా ఉంటుంది: 3వ తేదీ "కీ". 9న 4, 10న 6, పక్కనే "గ". 11న 5, 12న 3, ఆపై మూడు రోజులు చుక్కలు. ఆ పేజీ ఫోన్‌లో ఫోటో తీసి తర్వాతి ఓపీలో డాక్టరు ముందు పెట్టాను. ఆవిడ ఒక్క చూపులో "10వ తేదీ నాటికి ప్లేట్‌లెట్లు తగ్గే సమయం, అందుకే ఎక్కువైంది" అని, రక్తపరీక్ష చూసి, ఆ తర్వాతి సైకిల్‌కి నడుమలో ఇంకోసారి రక్తం చూపించమన్నారు. నేను తెలుగులో, ఆవిడ తమిళంలో, నర్సమ్మ రెండూ కలిపి మాట్లాడుతున్న గదిలో ఆ అంకెలకి ఎవరూ అర్థం చెప్పాల్సిన అవసరం పడలేదు. భాష రానివాళ్ళు అందరూ ఈ పని చేయండి.

కీమోకి ముందు మీ పీరియడ్ ఎలా ఉండేదో కూడా ఒక మూల రాసి పెట్టుకోండి: ఎన్ని రోజులకోసారి, ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని ప్యాడ్లు. మారిందా లేదా అని తేల్చడానికి పాత లెక్క కావాలి కదా.

కీమో రోజు పీరియడ్ వస్తే

కీమో మానక్కర్లేదు, వాయిదా వేయక్కర్లేదు. సెలైన్ పెట్టేముందు నర్సుకి చెప్పండి, అంతే. యూరిన్ పరీక్ష ఇస్తుంటే ల్యాబులో కూడా చెప్పండి, లేకపోతే యూరిన్‌లో రక్తం ఉందని రిపోర్టు వస్తుంది. ముదురు రంగు బట్టలు కట్టుకోండి, చీరకన్నా నైటీ గానీ చుడీదార్ గానీ సులువు, ఎందుకంటే ఒక చేతికి సూదితో, సెలైన్ స్టాండు తోసుకుంటూ బాత్రూముకి వెళ్ళి ఒంటిచేత్తో ప్యాడ్ మార్చుకోవాలి. వెళ్ళడానికి నర్సుని గానీ తోడొచ్చినవాళ్ళని గానీ పిలవండి. కళ్ళు తిరిగి పడిపోతే ఇంకో తంటా.

ఎర్ర మందు గురించి తెలుసుకోండి. డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది, అది ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. దాన్ని చూసి పీరియడ్ మొదలైందనుకుని బెదిరిపోయినవాళ్ళు ఉన్నారు. టిష్యూ పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. ఆ రెండు రోజులు దాటాక కూడా మూత్రం ఎర్రగా ఉన్నా, మంట ఉన్నా, అది వేరే సంగతి. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయాన్ని గాయపరచవచ్చు, కాబట్టి ఆ రోజే ఫోన్ చేయాలి.

కీమో పడిన తర్వాత 48 గంటలు ఒంట్లోంచి వచ్చే ప్రతిదాంట్లో, ఆ రక్తంలో కూడా, మందు కొంత ఉంటుంది. ప్యాడ్‌ని కాగితంలో చుట్టి, ఒక కవరులో వేసి ముడేసి, దాన్ని ఇంకో కవరులో వేసి చెత్త తీసుకెళ్ళేవాళ్ళకి విడిగా ఇవ్వండి. ఇంట్లో ఎవరైనా సాయం చేస్తుంటే చేతికి గ్లౌజులు వేసుకోవాలి. మరుగుదొడ్డిలో మూత దించి రెండుసార్లు నీళ్ళు వదలాలి. మరకైన బట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో గర్భిణులు ఉంటే ఆ పనులు వాళ్ళ చేత చేయించకండి.

గుడ్డ వాడే అలవాటున్నవాళ్ళు ఈ కొన్ని నెలలు ప్యాడ్లకి మారితే మంచిది. తెల్ల రక్తకణాలు తగ్గిన రోజుల్లో చిన్న ఇన్ఫెక్షన్ కూడా పెద్దదవుతుంది. లోపల పెట్టుకునే ట్యాంపన్లు, కప్పులు డాక్టరు సరే అంటే తప్ప వద్దు. ప్యాడ్ తడవకపోయినా నాలుగైదు గంటలకోసారి మార్చండి.

ఇంకో మాట, ఇది ఇంట్లో పెద్దవాళ్ళకి. కీమో తీసుకుంటున్న కోడల్ని, కూతుర్ని ముట్టు పేరుతో వెనక గదిలో చాప మీద పడుకోబెట్టకండి. గిన్నె వేరు, మంచం వేరు అనకండి. కణాలు తగ్గినప్పుడు ఆమెకి శుభ్రమైన పక్క, వేడి అన్నం, రాత్రిపూట పక్కన ఒక మనిషి ఉండాలి. మా అత్తయ్య ఆచారం గట్టిగా పాటించే మనిషి. కీమో మొదలైన రోజే "ఇక ఇదంతా అయ్యేదాకా ఆ లెక్కలేమీ లేవు" అని చెప్పి నా మంచం పక్కనే పడుకుంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత దాటి వచ్చిందో నాకు తెలుసు. మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఆ మాట అనాలి.

ఎక్కువగా పోతుంటే

మూడు వారాలకోసారి ఇచ్చే కీమోలో, మందు పడిన 7వ రోజు నుంచి 14వ రోజు దాకా రక్తకణాలు బాగా తగ్గుతాయి. పీరియడ్ ఆ రోజుల్లోనే వస్తే, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండి రక్తం ఆగక పోవచ్చు. ఇలా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి: గంటకో ప్యాడ్ పూర్తిగా తడుస్తూ రెండు గంటలు గడిచినా, రెండు రూపాయల బిళ్ళకన్నా పెద్ద గడ్డలు పడుతున్నా, నిలబడితే కళ్ళు తిరుగుతున్నా, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో కూడా రక్తం వస్తున్నా, కాళ్ళ మీద సన్నని ఎర్ర చుక్కలు తేలినా. వారం దాటి బ్లీడింగ్ సాగుతుంటే అంత అర్ధరాత్రి పని లేదుగానీ, తర్వాతి ఓపీదాకా దాచిపెట్టకండి. కీమోలో హిమోగ్లోబిన్ ఎలాగూ తగ్గుతుంది, దానికి ఇది తోడైతే మెట్లెక్కడం కూడా కష్టమవుతుంది.

ఇప్పుడు మందుల షాపు సంగతి. మనకి పీరియడ్ అనగానే చేతికొచ్చే మాత్రలు కొన్ని ఉన్నాయి. కీమోలో వాటి జోలికి అడక్కుండా వెళ్ళొద్దు.

కడుపు నొప్పికి మెఫ్తాల్ స్పాస్ చాలా ఇళ్ళల్లో ఉంటుంది. అందులోని మెఫెనామిక్ యాసిడ్, అలాగే ఐబుప్రోఫెన్ లాంటివి, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు రక్తం పోవడాన్ని పెంచుతాయి. పారాసిటమాల్ కొంత నయం, అదైనా జ్వరం చూసుకున్నాకే వేసుకోవాలి. లేకపోతే జ్వరాన్ని కప్పేస్తుంది. పొట్ట మీద వేడినీళ్ళ సంచి పెట్టుకోవచ్చు, తిమ్మిర్లు ఉన్నవాళ్ళు వేడి ఎంతుందో ఇంకొకరి చేత చూపించుకోవాలి.

బ్లీడింగ్ ఆగడానికి షాపులో ఇచ్చే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్ర గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపుతుంది. క్యాన్సర్ వల్ల, కీమో వల్ల, తర్వాత వాడే టామాక్సిఫెన్ (క్యాన్సర్ మీద హార్మోన్ పనిని అడ్డుకునే మాత్ర) వల్ల కాళ్ళ నరాల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎలాగూ కొంత ఉంటుంది. మీ పూర్తి సంగతి తెలిసిన డాక్టరు రాస్తేనే అది వేసుకోవాలి.

అన్నిటికన్నా నాకు భయం వేసేది పీరియడ్ వాయిదా మాత్రలంటే. వరలక్ష్మీ వ్రతమనో, తిరుమల దర్శనం టికెట్లు వచ్చాయనో, ఇంట్లో పెళ్ళనో ప్రిమోలుట్ లాంటి మాత్ర షాపులో అడిగి తెచ్చి వేసుకోవడం మనకి చాలా మామూలు. అది హార్మోన్. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు దాన్ని వేసుకోకూడదు. ఆగిన పీరియడ్ రప్పించడానికి ఇచ్చే మాత్రలు కూడా హార్మోన్లే, అవీ వద్దు. గర్భనిరోధక మాత్రలూ అంతే. వ్రతం వచ్చే ఏడాది చేసుకోవచ్చు, అమ్మవారు ఏమీ అనుకోదు. గర్భాశయానికి మంచిదని ఇచ్చే టానిక్కులు, శతావరి పొడులు, హార్మోన్లు సరిచేస్తాయనే లేహ్యాలు ఏవైనా సరే, సీసా తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాకే.

ఆగిపోతే

"నెల నెలా పోవాల్సిన చెడు రక్తం లోపలే ఉండిపోతుందేమో, పొట్ట ఉబ్బుతుందేమో" అని నన్ను అడగనివాళ్ళు లేరు. ఉండిపోదు. పైన చెప్పినట్టు పొర పెరగలేదు, కాబట్టి లోపల నిలవ ఉండటానికి ఏమీ లేదు. కీమోలో పొట్ట ఉబ్బరంగా ఉంటే అది ఎక్కువగా మలబద్ధకం, లేదా వాంతుల మాత్రల ప్రభావం. బొప్పాయి, నువ్వులు, బెల్లం తిని రప్పించాలని చూడకండి. తినాలనిపిస్తే తిండిగా తినండి, దానికి తప్పులేదు.

పీరియడ్స్ ఆగాయి కదా అని జాగ్రత్త వదిలేయడం మాత్రం ప్రమాదం. రక్తం కనపడకపోయినా ఏదో ఒక నెల అండం విడుదల కావచ్చు. కీమోలో గర్భం వస్తే బిడ్డకి హాని, తర్వాత వాడే టామాక్సిఫెన్ కూడా బిడ్డకి మంచిది కాదు. కండోమ్ గానీ, హార్మోన్ లేని కాపర్ టీ గానీ వాడాలి. ఏ చిన్న అనుమానం వచ్చినా, తర్వాతి కీమోకి ముందే గర్భం పరీక్ష చేయించుకోండి. ఈ మాట భర్తలకి కూడా చదివి వినిపించండి.

తర్వాత వేడి ఆవిర్లు. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతే ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా ముఖానికి ఒక సెగ ఎక్కుతుంది, చెమట కారిపోతుంది, కొన్ని నిమిషాలకి దిగిపోయి వెనకాలే చలి వేస్తుంది. చెన్నైలో మే నెల కత్తెర ఎండల్లో, కిక్కిరిసిన బస్సులో అది వస్తే ఎండ వల్లో దాని వల్లో కూడా తెలియదు. ఇక్కడ ఒకటే జాగ్రత్త: వేడి ఆవిరా, జ్వరమా అన్నది చెయ్యి పెట్టి చూసి తేల్చకండి. థర్మామీటర్ పెట్టండి. ఆవిరిలో ఒళ్ళు కాలుతున్నట్టున్నా థర్మామీటర్‌లో జ్వరం కనపడదు. 100.4 ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే, కణాలు తగ్గే రోజుల్లో అది అత్యవసరం, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. థర్మామీటర్ దిండు కింద పెట్టుకుని పడుకోండి.

ఆవిర్లకి నాకు పనికొచ్చినవి: పల్చని నూలు బట్టలు, పక్కన చిన్న ఫ్యాను, రాత్రి ఏడు దాటాక కాఫీ మానేయడం, గుంటూరు కారం కొన్నాళ్ళు పక్కన పెట్టడం. అవి చాలకపోతే హార్మోన్ లేని మందులున్నాయి, డాక్టరు రాస్తారు. ఒక్కటి గుర్తుంచుకోండి: దిగులుకి వాడే మాత్రల్లో పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటివి టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి. వేరే డాక్టరు దగ్గరికి నిద్ర పట్టడం లేదనో, మనసు బాగోలేదనో వెళ్తే, మీరు టామాక్సిఫెన్ మీద ఉన్నారని ముందే చెప్పండి.

కీమో అయిపోయాక

కొందరికి కొన్ని నెలల్లోనే వస్తాయి, కొందరికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది. మొదట్లో తేదీ, లెక్క ఏదీ ఉండదు. నాకు తిరిగి వచ్చినప్పుడు టామాక్సిఫెన్ మీద ఉన్నాను. క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని మా అమ్మ గూడూరు నుంచి రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చేసింది. పీరియడ్ తిరిగి రావడం క్యాన్సర్ తిరిగి రావడం కాదు. అమ్మకి అది డాక్టరు నోటి నుంచి వింటేగానీ ధైర్యం రాలేదు. అందుకే అలాంటి ఓపీకి అమ్మనో అత్తనో వెంట తీసుకెళ్ళడం మంచిదంటాను.

హార్మోన్ పాజిటివ్, అంటే హార్మోన్లతో పెరిగే రకం క్యాన్సర్ అయినవాళ్ళకి ఇక్కడే అసలు జాగ్రత్త ఉంది. టామాక్సిఫెన్ పీరియడ్స్ ఉన్నవాళ్ళకీ, ఆగినవాళ్ళకీ ఇస్తారు, సాధారణంగా 5 నుంచి 10 ఏళ్ళు. అది పీరియడ్స్‌ని అటూ ఇటూ చేస్తుంది, ఆపేస్తుంది కూడా, కానీ అండాశయాలు లోపల పనిచేస్తూనే ఉండొచ్చు. ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోన్ తయారీని తగ్గించే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రల సంగతి వేరు. అండాశయాలు పనిచేస్తున్న మనిషిలో అవి ఒంటరిగా సరిగ్గా పనిచేయవు, పైగా అండాశయాల్ని మళ్ళీ లేపగలవు. కీమో వల్ల పీరియడ్స్ ఆగిన 40, 45 ఏళ్ళ ఆవిడకి మెనోపాజ్ అనుకుని ఆ మాత్ర ఇస్తే, కొన్నాళ్ళకి అండాశయాలు తేరుకోవచ్చు. అందుకే చిన్న వయసువాళ్ళకి వాటితోపాటు గోసెరిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు, మధ్యమధ్యలో అండాశయాలు పనిచేస్తున్నాయా లేదా అని చూసే ఎస్ట్రడయాల్, ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ల రక్తపరీక్షలు చేస్తారు. ఒక్క రిపోర్టుతో తేల్చలేరు, మళ్ళీ మళ్ళీ చూడాలి. లెట్రోజోల్ మీద ఉండగా ఒక్క మరక కనిపించినా ఆ రోజే ఫోన్ చేయండి. ఆ మాత్ర మీకు పనిచేస్తోందా లేదా అన్న ప్రశ్న అందులో ఉంది. ఇంజెక్షన్ తేదీ కూడా దాటనివ్వకండి. ఊరెళ్ళాల్సి ఉంటే ముందే చెప్పి ఏర్పాటు చేసుకోండి.

అలాగే పీరియడ్స్ పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక, టామాక్సిఫెన్ మీద ఉండగా బ్లీడింగ్ కనిపిస్తే గర్భాశయం పొర చూపించుకోవాలి. ఆ మందు పొరని మందం చేయగలదు, అరుదుగా అక్కడ క్యాన్సర్‌కి దారితీయగలదు. భయపడి మాత్ర మానేయకండి, వెళ్ళి చూపించుకోండి.

బిడ్డ కావాలనుకునేవాళ్ళకి ఒక మంచి వార్త ఉంది. 2023లో వెలువడిన పాజిటివ్ అనే పరిశోధనలో, 42 ఏళ్ళు దాటని హార్మోన్ పాజిటివ్ ఆడవాళ్ళు ఒకటిన్నర నుంచి రెండున్నర ఏళ్ళు మాత్రలు వాడాక, గర్భం కోసం రెండేళ్ళ వరకు ఆపి చూశారు. ఆ తొలి సంవత్సరాల్లో క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదు. తర్వాత ఎలా ఉంటుందో ఇంకా గమనిస్తున్నారు. మాత్ర ఎప్పుడు ఆపాలి, ఆపాక గర్భానికి ఎన్ని నెలలు ఆగాలి అన్నది డాక్టరుతో కూర్చుని నిర్ణయించుకోవాలి, సొంతంగా కాదు.

ఇంకా రెండు విషయాలు. హార్మోన్లు తగ్గితే లోపల పొడిబారి, కలిసినప్పుడు నొప్పి పుడుతుంది. చాలామంది పంటి బిగువున ఓర్చుకుంటారు, ఓర్చుకోకండి. నీళ్ళతో చేసిన జెల్ షాపులో దొరుకుతుంది. కొబ్బరినూనె కూడా పనిచేస్తుంది, కానీ మామూలు రబ్బరు కండోమ్‌ని అది పాడుచేస్తుంది, రెండూ కలిపి వాడకండి. ఈస్ట్రోజెన్ ఉన్న క్రీములు క్యాన్సర్ డాక్టరు ఒప్పుకుంటే తప్ప వద్దు.

రెండోది ఎముకలు. పీరియడ్స్ చిన్న వయసులో ఆగితే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, లెట్రోజోల్ లాంటి మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. రోజూ నడక, పాలు, రాగులు, ఆకుకూరలు, డాక్టరు రాస్తే కాల్షియం, విటమిన్ డి. డెక్సా స్కాన్ అని ఎముకల గట్టిదనం చూసే పరీక్ష ఉంది, నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఎవరూ గుర్తుచేయకపోతే, "నాకు డెక్సా ఎప్పుడు చేస్తారు" అని తర్వాతి ఓపీలో మీరే అడగండి.